పెన్‌డ్రైవ్‌కి తాళం వేశారా?

కడప ఏడు రోడ్ల దగ్గర జిరాక్స్ షాపులో ఆధార్, పొలం పాస్‌బుక్కు, పెళ్లి ఫొటోలు అన్నీ ఉన్న పెన్‌డ్రైవ్ ఇచ్చేసి నింపాదిగా టీ తాగేవాళ్లని చూస్తే నాకే టెన్షన్. ఫైళ్లను హిడెన్ చేస్తే సరిపోదు, ఆ సెట్టింగ్ ఎవరైనా మార్చేస్తారు. మీ కంప్యూటర్‌లో విండోస్ ప్రో ఎడిషన్ ఉంటే డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, పాస్‌వర్డ్ లేనిదే ఫైళ్లు తెరవనివ్వని విండోస్ తాళం బిట్‌లాకర్ ఆన్ చేయండి. హోమ్ ఎడిషన్‌లో ఈ తాళం కొత్తగా వేయలేం గానీ, వేసినదాన్ని పాస్‌వర్డ్‌తో తెరవొచ్చు. పాస్‌వర్డ్ మర్చిపోతే తెరవడానికి బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని అదే పెన్‌డ్రైవ్‌లో మాత్రం దాచకండి సామీ! హోమ్ వాళ్లకి వెరాక్రిప్ట్ అని ఇలాంటి తాళమే వేసే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితమే, కాకపోతే షాపు కంప్యూటర్‌లో దానికి అడ్మిన్ పర్మిషన్ కావాలి. అయినా అక్కడ తాళం తీశాక లోపలివన్నీ ఆ సిస్టమ్‌కి కనిపిస్తాయి కాబట్టి, ప్రింటుకైతే వేరే ఖాళీ పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలే తీసుకెళ్తాను నేను.