పోగు తెగితే కంతలు తగ్గుతాయి

సెలవుకి వైజాగ్ వచ్చినప్పుడల్లా చినవాల్తేరులో మా ఇంటికి వచ్చేవాళ్ళు అడిగేది ఒకటే. "సాఫ్ట్‌వేరా బాబూ?" కాదంటే వాళ్ళ ముఖం చిన్నబోతుంది. లెక్కల్లో రీసెర్చ్ అంటే "అయితే మేష్టారివన్నమాట" అంటారు. అదీ కాదు. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో కూర్చుని, ఎముకల స్కానింగుల్లో కంతలు లెక్కపెడతాను. ఒకసారి ఇలా ఉన్నదున్నట్టు చెప్పేసరికి మా పిన్ని "అంత చదివి కంతలేట్రా" అని రెండు రోజులు బెంగపెట్టుకుంది.

తుంటి దగ్గరా వెన్నుపూసల్లోనూ ఎముక లోపల గట్టిగా ఉండదు, స్పాంజిలా ఉంటుంది. సన్నని పుల్లలు ఒకదానికొకటి అతుక్కుని అల్లికలా ఉంటాయి. వయసు మీద పడేకొద్దీ కొన్ని పుల్లలు సన్నబడి తెగిపోతాయి. ఎముక ఎంత ఉందో చెప్పే పరీక్షలున్నాయి గానీ, ఎలా అల్లుకుని ఉందో చెప్పాలంటే టోపాలజీ, అంటే ముక్కలు, కంతలు లెక్కపెట్టి ఆకారాన్ని పోల్చే గణితం, కావాలి. విడివిడి ముక్కల సంఖ్యలోంచి ఆరపార కంతల సంఖ్య తీసేసి, లోపల మూసుకుపోయిన ఖాళీల సంఖ్య కలిపితే వచ్చేదే ఆయిలర్ సంఖ్య. దీన్ని కనుక్కోవడానికి ఎముక మొత్తాన్ని ఒకేసారి చూడక్కర్లేదు. ఎనిమిది చిన్న గడుల ఘనాన్ని స్కాన్ అంతటా జరుపుకుంటూ పోతే చాలు. ఒక్కో గడిలో ఎముకైనా ఉండాలి, ఖాళీ అయినా ఉండాలి కాబట్టి మొత్తం 256 రకాలే. తలో చోటా తడిమి ఏనుగుని పోల్చబోయినవాళ్ళ కథ గుర్తుందిగా, ఇక్కడ మాత్రం వాళ్ళు చెప్పినవన్నీ కూడితే ఏనుగే వస్తుంది.

అలాగని సులువేం కాదు. మొదటి చలికాలం ఆరు వారాలు వృథా చేశాను. ఒక చిన్న టెస్ట్ ముక్కలో కంతలు మైనస్ పన్నెండు అని వచ్చింది! తప్పెక్కడో తెలియాలంటే చదరంగం బల్ల చూడాలి. దాని మీద మూలమూల తగిలే రెండు నల్ల గడులు కలిసినట్టా, విడిపోయినట్టా? కలిసినట్టే అనుకుంటే నాలుగు నల్ల గడులతో ఒక తెల్ల గడి చుట్టూ దడి కట్టొచ్చు. కానీ తెలుపుకీ అదే నియమం ఇస్తే, లోపలి తెలుపు మూలల్లోంచి బయటికి జారిపోతుంది. దడి ఉంటుంది, ఆవు ఉండదు. అందుకే నలుపుకి ఒక నియమం, తెలుపుకి ఇంకొకటి ఉండాలి. అజ్రియేల్ రోసెన్‌ఫెల్డ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1970 నాటికే డిజిటల్ చిత్రాల్లో కలయిక గురించి రాశాడు. మూడు కొలతల్లో ఎముకకి మూలల్లో తగిలేవాటితో కలిపి 26 పొరుగు గడులు ఇస్తే, ఖాళీకి ముఖాముఖి తగిలే ఆరే ఇవ్వాలి. నేను రెండింటికీ 26 ఇచ్చాను. బాస్ ఏమీ అనలేదు. అక్కడ ఏమీ అనకపోవడమే తిట్టు.

ఇన్స్‌బ్రుక్‌లోనే లియోపోల్డ్ వియటోరిస్ అనే గణితవేత్త ప్రొఫెసర్‌గా చేశాడు. విడివిడి చుక్కల గుంపుకి ఆకారం కట్టడానికి మేం వాడే ఒక పద్ధతిలో ఆయన పేరుంది. 2002లో పోయేనాటికి ఆయనకి 110 ఏళ్ళు. నా కాంట్రాక్టుకి రెండేళ్ళు. వీసా ఆ కాగితం మీదే ఆధారపడింది కాబట్టి పద్దెనిమిదో నెల దాటాక టెన్షన్ మొదలవుతుంది. "ఇంకా పర్మనెంట్ కాలేదా?" అని అమ్మ ఫోన్‌లో అడిగినప్పుడల్లా వాతావరణం మీదకి మాట మళ్ళిస్తాను.

ఈసారి వచ్చేసరికి అమ్మ మణికట్టుకి పిండికట్టు ఉంది. బాత్రూంలో జారిందట, నాకు చెప్పొద్దందట. చేపలు నేనే తెస్తానని పొద్దున్నే పెదజాలరిపేట వెళ్ళాను. చిన్నప్పట్నుంచీ ఎరిగిన బాబాయ్ ఇసకలో కూర్చుని నైలాను వల బాగుచేస్తున్నాడు. సెమినార్లలో నేను మొదట వేసే ప్రశ్నే ఆయన్నీ అడిగాను.

"బాబాయ్, పోగు తెగితే వలకి కంతలు పెరుగుతాయా, తగ్గుతాయా?"

"తగ్గుతాయి. రెండు కన్నులు కలిసిపోయి ఒకటైపోద్ది. అందుకే కదేటి సేప పోద్ది?"

సెమినార్లలో సగం మంది పెరుగుతాయంటారు, నాకు పది నిమిషాలు పడుతుంది. ఉత్సాహం ఆగక ఎముకల సంగతంతా చెప్పేశాను. పుల్ల తెగితే కంతలు తగ్గుతాయి, అలా తగ్గడాన్ని కొలవడమే నా పని అని. అయితే ఎముకలో అన్నీ పుల్లలే కాదు, రేకుల్లాంటివి కూడా ఉంటాయని, రేకు అరిగి చిల్లు పడితే కంతలు పెరుగుతాయని కూడా చెప్పాల్సొచ్చింది.

ఆయన సూది ఆపి చూశాడు. "పాడైతే పెరుగుద్ది, పాడైతే తగ్గుద్ది. మరి లెక్క సూసి నువ్వేటి సెప్తావు?"

పోయిన నెల మా పేపరు చూసిన రివ్యూయర్ కూడా అచ్చం ఇదే అడిగాడు, ఇంకాస్త మర్యాదగా. కంతలతో పాటు పుల్లల మందం, రేకులెన్ని పుల్లలెన్ని అన్నదీ చూడాలని జవాబు రాయడం మొదలుపెట్టి, సగంలో వదిలేసి విమానం ఎక్కాను.

"ఇంకా రాస్తున్నాను బాబాయ్," అన్నాను.

"రాయి, రాయి. ముందు ఆ కొస పట్టుకో," అని వల అంచు నా చేతికిచ్చాడు.