చిలికాలో బేటరీకి పస్తు

విశాఖలో నేను ఇన్వర్టర్ల సర్వీసు చేస్తాను. రోజూ బేటరీలతోనే బతుకు. అలాంటివాణ్ణి చిలికా సరస్సులో చీకట్లో కూర్చోవలసి వచ్చిందంటే చెప్పుకోవడానికే సిగ్గు. అయినా చెప్తాను.

మా అక్కను బరంపురం ఇచ్చాం. బావకి పట్టుచీరల కొట్టు, పడవల పిచ్చి. నిరుడు చిలికా ఒడ్డున ఉన్న రంభలో ఒక పాత ఫైబర్ పడవ కొని, ఇనుప గొట్టం నిలబెట్టి తెరచాప కట్టించాడు. వెనక 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు, సెకండ్ హ్యాండ్‌ది. బల్ల కింద 35 ఆంపియర్-అవర్ల కారు బేటరీ. "మార్చిలో దక్షిణపు గాలి ఎత్తుకుంటుంది, రారా. రంభ నుంచి బర్కుల్ దాకా చుక్క పెట్రోలు కాల్చకుండా పోదాం" అన్నాడు.

నిజంగానే చుక్క కాల్చలేదు. పొద్దున రంభ జెట్టీ దాటగానే గాలి వీపున పట్టింది. నీళ్లలో రాతి గుట్ట మీద ఒక స్తంభం కనిపించింది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ కట్టించిందట. పైన దీపం పెట్టేవారని చెప్తారు. గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి ఇక్కడ చాలామందితో తెలుగులోనే పని జరిగిపోతుంది. మధ్యాహ్నానికి నేను చొక్కా విప్పేసి, స్పీకర్లో పాటలు పెట్టుకుని, బావ తెచ్చిన పులిహోర సగం ఖాళీ చేశాను. జీపీఎస్ నడుస్తోంది, రెండు ఫోన్లూ చార్జింగులో ఉన్నాయి, అడుగున చేరే నీటిని పంపు అప్పుడప్పుడూ తోడుతోంది. అన్నీ ఆ బేటరీ మీదే. బేటరీని నింపే మోటారు మాత్రం నిద్రపోతోంది. గాలి బాగా తోలిన రోజే బేటరీకి పస్తని అప్పుడు తట్టలేదు.

బర్కుల్ చేరేసరికి చీకటి పడింది. అక్కడి నీళ్ల నిండా వలలు కట్టే వెదురు గుంజలు. టార్చితో దారి వెతుక్కుంటూ జెట్టీ పక్కన లంగరేశాం. పైన తెరచాప గొట్టానికి కట్టిన దీపం ఎర్రగా, ఆరిపోయే వత్తిలా ఉంది. మల్టీమీటర్ పెట్టాను: 11.9 వోల్టులు. నిండిన బేటరీ అయితే 12.6 చూపాలి.

"మోటారుంది కదరా" అన్నాడు బావ. అదీ నిజమే. తాడు లాగి స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో పెట్టి వదిలేశాం. గంటన్నర. పెట్రోలు వాసన, పక్క పడవలోంచి ఒరియాలో తిట్లు. చార్జింగు సూచించే చిన్న ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది, మేమూ నమ్మాం. తెల్లారి చూస్తే 12.0. నా పరువు కూడా అంతే.

జెట్టీ మీద ఇంజన్లు బాగుచేసే ఒక తెలుగు ముసలాయన ఉన్నాడు, నోళియాల (ఇక్కడి తెలుగు జాలరుల) మనిషి. బావ "మావా, ఒకసారి చూడు" అని బతిమాలితే బీడీ పారేసి దిగాడు. మేం చెప్పిందంతా విని నవ్వాడు.

"సైకిల్ డైనమో సూసినావా బాబూ? మెల్లిగా తొక్కితే దీపం ఏపాటి? ఇదీ అంతే. గురకపెడతా కూకుంటే బేటరీకి ఏటొస్తాది?"

అక్కడే నా మట్టి బుర్రకి వెలిగింది. ఇంటి ఇన్వర్టర్‌కి గోడలోంచి ఒకే తీరు కరెంటు వస్తుంది. ఈ మోటారులో ఫ్లైవీల్ కింద చిన్న కాయిల్ ఉంటుంది, దాని మీద అయస్కాంతాలు ఎంత వేగంగా తిరిగితే అంత కరెంటు. మోటారు కాయితాల్లో 12 వోల్టులు, 80 వాట్లు అని ఉంది. అంటే ఆరున్నర ఆంపియర్లు, అదీ గట్టి స్పీడులో. ఐడిల్‌లో వచ్చింది మా దీపానికే చాల్లేదు.

ముసలాయన అంతటితో ఆగలేదు. బేటరీ టెర్మినల్ పట్టుకుని ఊపాడు, ఊగింది. విప్పితే సీసం బిగింపు మీద పచ్చటి చిలుము, వేలితో గీకితే పొడి రాలింది. ఉప్పునీళ్ల మహిమ. మోటారు నుంచి వచ్చిన వైరు స్పీకర్లకి వాడే సన్నది. స్పీడు పెంచి కొలిస్తే మోటారు దగ్గర 13.9, బేటరీ దగ్గర 12.8. వోల్టు పైగా దారిలోనే ఆవిరి. ఉప్పుకాగితంతో రుద్ది, లావు వైరు వేసి, బేటరీ పక్కనే ఫ్యూజు పెట్టాడు. "ఇంజను తిరుగుతుండగా బేటరీ ఇప్పకండి, డయోడ్లు ఎగిరిపోతాయి. ప్లస్సు మైనస్సు తారుమారైనా అంతే" అన్నాడు. రెండొందలు తీసుకున్నాడు. నేనైతే అయిదొందలు అడిగేవాణ్ణి.

తిరుగు ప్రయాణం ఎదురుగాలి, ఇక మోటారే గతి. సగం స్పీడులో మీటరు 13.4 చూపింది. హాయిగా కొంగలు చూస్తూ కూర్చున్నాం. మూడో గంటలో, రంభ కొండలు కనిపిస్తుంటే, బల్ల కింద నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన. మూత తీస్తే లోపల యాసిడ్ బుడబుడ. మీటరు 15.2! కాయిల్‌కి కరెంటుని ఒకే దిశకి మళ్లించే డయోడ్ల రెక్టిఫైయర్ ఉంది కానీ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ లేదు. బేటరీ నిండుతున్నా అది తోస్తూనే ఉంటుంది. బావకి టెన్షన్. స్పీడు తగ్గించమని అరిచి, పట్టపగలు దీపాలన్నీ వేశాను, పంపు, స్పీకర్ కూడా. వచ్చిన కరెంటు తినేవాళ్లు దొరకగానే 14.3కి దిగింది. ఎదురొచ్చిన జాలరి మా దీపాల వంక, పైన ఎండ వంక చూసి ఏదో అన్నాడు. అర్థం కాకపోవడమే మంచిదైంది.

రంభలో దిగి, అరగంట ఆగి కొలిస్తే 12.5. బావ మీటరుకి ఫొటో తీసి అక్కకి పంపాడు.

"అన్నం తిన్నారా?" అని జవాబు వచ్చింది.