ఆయిల్ కారేది ఒకచోట, కనిపించేది ఇంకోచోట

సెలవు మీద ఊరొచ్చిన గల్ఫ్ మెకానిక్‌కు రెస్ట్ దొరుకుతుందనుకుంటే అంతే సంగతులు. తిరుపతిలో దిగిన మర్నాడే మా బావ క్వాలిస్ తెచ్చి ఇంటిముందు పెట్టాడు. 2003 మోడల్, డీజిల్. పదిహేనేళ్ళ ఆర్‌సీ అయిపోయాక ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకుంటూ లాక్కొస్తున్నాడు. మామిడికాయల సీజన్లో దామలచెరువు మార్కెట్‌కు, మిగతా రోజుల్లో చుట్టాలను కాణిపాకం, కాళహస్తి తిప్పడానికి అదే బండి.

"బామ్మర్దీ, రాత్రి నిలిపిన చోట తెల్లారేసరికి పళ్ళెమంత మరక పడతాంది. క్రాంక్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలంటున్నారు. వచ్చే వారం కొండకు పోవాల, ఏందో చూడు" అన్నాడు.

మరక సరిగ్గా బెల్ హౌసింగ్, అంటే ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే గుల్ల, కింద పడుతోంది. అది చూస్తే ఎవరైనా ఇంజిన్లో తిరిగే క్రాంక్ కడ్డీ వెనక ఆయిల్‌ను ఆపే రబ్బరు సీలు మీదికే పోతారు. ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్స్, క్లచ్ రెండూ కిందికి రావాలి. సీలు ఖరీదు ఎంతో కాదు, బిల్లంతా లేబరే.

నేను పనిచేసేది కువైట్‌లో, షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో. అక్కడ వీధి పొడుగునా గ్యారేజీలే. సొంత కార్లు దాదాపు అన్నీ పెట్రోలువి. డీజిల్ ఇంజిన్ నా చేతికొచ్చేది కూలీలను సైట్లకు చేరవేసే పాత బస్సుల్లోనే. 2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం అది, రబ్బరు సీళ్ళు గట్టిపడి పగలడానికి వేరే కారణం అక్కర్లేదు. వేసవిలో పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని చేయించకూడదని రూలుంది. మాది రేకుల షెడ్డు కాబట్టి లెక్క ప్రకారం మేము నీడలో ఉన్నట్టే! ఆ నీడలోనే స్పానర్‌ను గుడ్డతో పట్టుకుంటాం.

మా ముదీర్, అంటే మేనేజర్, పద్ధతి ఇంకోటుంది. అదే లీకుతో బండి తిరిగొస్తే రెండోసారి పనికి మాకు కమిషన్ లేదు. పాత ఇంజిన్లో ఒక సీలు మారిస్తే పక్క సీలు మొదలుపెట్టడం మామూలే, అది మా తప్పెలా అవుతుంది? అడిగేవాళ్ళెవరూ లేరు. అందుకే మా సీనియర్, ఫిలిప్పీన్స్ ఆయన, ఇంజిన్ కడగనిదే ఎవరినీ బోల్టు ముట్టనిచ్చేవాడు కాదు. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది, బండి పోయేటప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. కాబట్టి చుక్క రాలే చోటు కాదు, తడి ఉన్న చోట్లలో అన్నిటికన్నా పైనా ముందూ ఉన్నది చూడాలి.

క్వాలిస్‌ను ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన అన్న షెడ్డుకు తీసుకుపోయాను. ముందు చుక్కను వేలికి రాసుకుని వాసన చూశాను. గేర్ ఆయిలైతే గంధకం కంపు ఉంటుంది. ఇది మసితో నల్లగా ఉంది, ఇంజిన్ ఆయిలే. ఆల్టర్నేటర్‌కు ప్లాస్టిక్ కవరు చుట్టి, డీజిల్, బ్రష్ పెట్టి ఇంజిన్ మొత్తం కడిగి ఆరబెట్టాం. జాయింట్ల మీద ముఖానికి రాసే పౌడరు చల్లాం. అన్న నవ్వాడు. "పెండ్లికొడుకును చేస్తాండావా దాన్ని?"

కరకంబాడి దాకా నడిపి వచ్చి కింద దూరాను. బెల్ హౌసింగ్ పైభాగంలో పౌడరు చల్లింది చల్లినట్టే ఉంది. టాపెట్ కవర్ ప్యాకింగ్ పొడిగానే ఉంది. ఆల్టర్నేటర్ వెనక గాలి పీల్చే వాక్యూమ్ పంపు ఉంటుంది, దాంట్లోంచి ఆయిల్ ఇంజిన్లోకి తిరిగిపోయే పైపు దగ్గర పౌడరు నల్లటి ముద్దయింది. అక్కడినుంచి సన్నటి చార ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచు పట్టుకుని బెల్ హౌసింగ్ దాకా వచ్చింది. పైపును గోటితో నొక్కితే ఎండిన చింతకాయ పెంకులా పెట్లింది.

అప్పుడు నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. డీజిల్ ఇంజిన్ పెట్రోల్ ఇంజిన్‌లా బ్రేకుకు సరిపడా వాక్యూమ్ తనంతట తాను పుట్టించదు, కాలి తొక్కుడుకు బలం కలిపే బ్రేకు బూస్టర్ ఆ పంపు మీదే బతుకుతుంది. ఆ పైపు ఊడితే ఇంజిన్ ఆయిల్ బయటికి పోతుంది, ఆయిల్ అందక పంపూ పోతుంది, బ్రేకు పెడల్ రాయవుతుంది. కొండెక్కేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డులో, దిగేది 1944 నాటి మొదటి రోడ్డులో. దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేకే.

పైపు మార్చి వదిలేస్తే సగం పనే. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపలినుంచి గాలి గట్టిగా తంతోంది. రింగులు అరిగిన పాత ఇంజిన్లో అది కొంత ఉంటుంది. ఇక్కడ మాత్రం ఆ గాలిని బయటికి వదిలే బ్రీదర్ పైపు మడ్డితో మూసుకుపోయింది. బయటికి దారి లేని ఆ ప్రెషర్ ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ ఆయిల్‌ను తోస్తుంది. తీగతో కెలికి, డీజిల్‌తో కడిగాక ఆ తన్నుడు బాగా తగ్గింది.

స్పేర్స్ షాపులో కుర్రాడు రేడియేటర్ పైపు ముక్క కోసివ్వబోయాడు. నీళ్ళకు పనికొచ్చే రబ్బరు ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. ఆయిల్ హోసే కావాలని పట్టుబట్టి, కొత్త క్లిప్పులతో వేశాం. గ్యాస్కెట్ పేస్ట్ పూద్దామన్న అన్నను ఆపాను. ఎక్కువైన పేస్ట్ ఊడి లోపల పడితే ఛాంబర్లో ఆయిల్ వడకట్టే జాలీకి అడ్డం పడుతుంది.

చివర్లో ఇంజిన్ ఆపి బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేశాను. పెడల్ కొంచెం కిందికి దిగింది, బూస్టర్ బాగుంది. గేర్‌బాక్స్ దించలేదు.

పౌడరు కంటే ఆయిల్లో కలిపే రంగు, ఆ రంగును మెరిపించే యూవీ టార్చ్ ఉంటే పని ఇంకా సులువని చెప్పినప్పుడు అన్న ఒక్కసారిగా సీరియస్ అయ్యాడు. "ఆ టార్చేదో వచ్చే సెలవుకు తెచ్చియ్యి. డబ్బులిస్తాలే" అన్నాడు. బావ అప్పటికే ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు, మా బామ్మర్ది వారం దాకా ఖాళీగానే ఉంటాడు, మీ సుమో కూడా తెచ్చేయండని.