ప్రొపెల్లర్ తనిఖీలో తేడా కనిపించాక ఏం చేశారన్నదే అసలు ప్రశ్న

చిన్న విమానాల ఓనర్లతో మాట్లాడితే ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: "మళ్ళీ ఏడీ వచ్చిందండీ, ప్రొపెల్లర్ విప్పాలట." వెనకే ఖర్చు గురించి టెన్షన్, ఇంకాస్త కదిపితే "కంపెనీ వాళ్ళు పార్టులు అమ్ముకోవడానికే ఇదంతా" అన్న అనుమానం కూడా బయటపడుతుంది. విసుగు నాకు అర్థమవుతుంది. నిన్నటిదాకా వణుకు లేదు, బయటనుంచి చూస్తే గీత కూడా లేదు, అలాంటిదాన్ని విప్పి షాపుకి పంపి విమానాన్ని హ్యాంగర్లో ఖాళీగా నిలబెట్టుకోవడం ఎవరికి ఇష్టం? అనుమానం సంగతి మాత్రం వేరు, అది నేను ఒప్పుకోను.

ఏడీ అంటే ఎయిర్‌వర్తినెస్ డైరెక్టివ్. ఒక విమానంలోనో ఇంజిన్‌లోనో ప్రొపెల్లర్‌లోనో ప్రమాదకరమైన లోపం బయటపడి, అదే డిజైన్‌వి మిగతావాటిలోనూ అది ఉండొచ్చు, రావొచ్చు అనిపించినప్పుడు నియంత్రణ సంస్థ ఇచ్చే ఆదేశం. అమెరికాలో ఎఫ్ఏఏ, యూరప్‌లో ఈఏఎస్ఏ ఇస్తాయి, మిగతా దేశాలు చాలావరకు డిజైన్ పుట్టిన దేశం ఇచ్చినదాన్నే తీసుకుని అమలు చేయిస్తాయి. తయారీదారు ఇచ్చే సర్వీస్ బులెటిన్ వేరు, సొంతానికి విమానం నడుపుకునేవాళ్ళకి అది చాలాసార్లు సలహా మాత్రమే. ఏడీ చట్టం. ఏ మోడల్, ఏ సీరియల్ నంబర్లు, ఎన్ని గంటల లోపు, ఏ పద్ధతిలో చూడాలి, ఏం కనిపిస్తే ఆ పార్టు పక్కన పడేయాలి, అన్నీ అందులో ఉంటాయి. కొన్నిటిలో గడువే ఉండదు, తర్వాత ఎగరడానికి ముందే చేయాలి అని రాసి ఉంటుంది.

ప్రొపెల్లర్ల మీద ఇంత పట్టుదల ఎందుకో ఒక్క లెక్క వేసుకుంటే తెలుస్తుంది. ప్రొపెల్లర్‌లో ఒక రెక్క (బ్లేడు) బరువు 7 కిలోలు, దాని భారకేంద్రం షాఫ్ట్ మధ్య నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. నిమిషానికి 2,700 చుట్లు తిరిగితే ఆ రెక్క హబ్‌ని, అంటే రెక్కలు బిగించే మధ్య భాగాన్ని, బయటికి లాగే బలం సుమారు 23 టన్నులు. ఏడు కిలోల వస్తువు! అది ఒక్కసారి లాగి ఊరుకునేది కూడా కాదు, దానికి తోడు ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ పేలినప్పుడల్లా వచ్చే కుదుపుకి రెక్క సన్నగా వణుకుతూనే ఉంటుంది. అందుకే కొన్ని ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీలకి ఫలానా ఆర్‌పీఎం మధ్య ఎక్కువసేపు నడపొద్దని మీటరు మీద ఎర్ర గీత ఉంటుంది, కొన్ని పాత పైపర్లలో 2,150 నుంచి 2,350 దాకా. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చాలామంది దాన్ని పట్టించుకోరు, అది వేరే గోల. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగినట్టే, ఆ వణుకు ఎక్కడో ఒక చిన్న గాటు దగ్గర, చిన్న తుప్పు గుంట దగ్గర పగులుగా మొదలవుతుంది. తర్వాత అది పెరగడమే. రెక్క ఊడితే పోయేది రెక్క ఒక్కటే కాదు, మిగిలిన సగం ఒక పక్కకే బరువై తిరుగుతూ ఇంజిన్‌ని దాని బిగింపుల నుంచి పీకేయగలదు.

ఇక అసలు విషయం. తనిఖీలో లోపం కనబడక ప్రమాదాలు జరుగుతాయని అందరూ అనుకుంటారు. నన్ను ఎక్కువ భయపెట్టేది, కనబడినా సర్ది చెప్పుకున్న సందర్భం.

1994 మార్చిలో హామిల్టన్ స్టాండర్డ్ ప్రొపెల్లర్లున్న రెండు విమానాల్లో, ఒకటి కెనడాలో, ఒకటి బ్రెజిల్‌లో, రెక్కలు విరిగిపోయాయి. రెండూ క్షేమంగా దిగాయి. ఆ రకం రెక్క అల్యూమినియం, మొదలు దగ్గర లోపల పొడవాటి రంధ్రం, అందులో సమతూకం కోసం సీసం (లెడ్) లోహంతో చేసిన ఉన్ని, అది కదలకుండా ఒక కార్క్ బిరడా. ఆ కార్క్‌ని క్లోరిన్‌తో తెల్లబరిచారు, దాంట్లో మిగిలిన క్లోరిన్ తేమతో కలిసి రంధ్రం గోడని లోపల నుంచి తినేసింది. ఎంత మామూలు వస్తువో చూడండి, సీసా బిరడా లాంటిది. ఇలాంటి రెక్కలన్నిటినీ అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాల) పద్ధతిలో చూడాలని ఆదేశం వచ్చింది, చూశారు, ఒక రెక్కలో తేడా కనిపించింది కూడా. దాన్ని తయారీదారు షాపుకి పంపారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఇంతవరకు అంతా సవ్యంగానే జరిగింది. షాపులో రంధ్రంలోకి బోర్‌స్కోప్ (లోపలికి చూసే సన్నటి సాధనం) పెట్టి చూస్తే తుప్పూ పగులూ ఏమీ కనిపించలేదు. ఆ రోజుల్లో లోపలి గోడ మీదున్న చిన్న చిన్న నొక్కుల వల్ల అల్ట్రాసోనిక్ మీటర్లు ఊరికే అరుస్తున్నాయని వాళ్ళకి ముందే తెలుసు, కాబట్టి ఇదీ అలాంటిదే అనుకుని గోడని రుద్ది నునుపు చేసి రెక్కని తిరిగి వాడకంలోకి పంపేశారు. రుద్దడంతో పోయింది ఆనవాలే, పగులు లోపలే ఉంది. 1995 ఆగస్టు 21న ఆ రెక్కే, అట్లాంటా నుంచి బయలుదేరిన ఎంబ్రాయర్ బ్రసీలియా విమానంలో, అట్లాంటిక్ సౌత్‌ఈస్ట్ 529వ నంబర్ ఫ్లైట్‌లో, దాదాపు 18,000 అడుగుల ఎత్తులో విరిగింది. ఎడమ ఇంజిన్ పక్కకి ఒరిగిపోయి గాలికి అడ్డంగా నిలబడింది, విమానం ఎత్తు నిలుపుకోలేక జార్జియాలోని కరోల్టన్ దగ్గర పొలంలో పడింది. అందులో 29 మంది ఉన్నారు. నేలకి తగిలిన దెబ్బకి బతికి, ఆ తర్వాత మంటల్లో పోయినవాళ్ళూ ఉన్నారు.

ఆ టెక్నీషియన్ని తిట్టడం తేలిక. కానీ అతని చేతికి ఇచ్చిన మరమ్మతు పద్ధతే "కనిపించకపోతే రుద్ది పంపు" అన్న రకంది. ఉత్తుత్తి అలారాలు ఎక్కువైనప్పుడు మనిషి అసలు అలారాన్ని కూడా ఉత్తుత్తిదే అనుకుంటాడు, ఆ అలవాటుకి కాగితం మీద ఆమోదం కూడా తోడైతే ఇక అడ్డేముంది? సాధనం తేడా ఉందని చెప్పాక అది ఎందుకొచ్చిందో రుజువు కావాలి, ఆ రుజువు లేకపోతే పార్టు చెత్తలోకే. ఖరీదైన రెక్కే, కాదనను.

ఇరవై రెండేళ్ళ తర్వాత, 2017 జులై 10న, అమెరికా మెరైన్ల కేసీ-130టీ సైనిక విమానం మిసిసిపీలో గాల్లోనే ముక్కలైంది, 16 మంది పోయారు. రెండో ఇంజిన్ ప్రొపెల్లర్ రెక్కలో తుప్పు, దాన్నుంచి పగులు. ఆ రెక్క 2011లో సైనిక డిపోలో ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి చూసి బాగుచేయడం) అయింది, అప్పుడు తుప్పుని తీసేయాలి, తీయలేదు. ఇక్కడ సాధనం గురించి చెప్పడానికేమీ లేదు, నిబంధన కాగితం మీద బాగానే ఉంది, చేసే చోట సరిగా చేయలేదు.

రెక్కలే కాదు. 1991 ఏప్రిల్ 5న బ్రన్స్విక్ దగ్గర మరో బ్రసీలియా కూలి 23 మంది పోయారు, వాళ్ళలో మాజీ సెనేటర్ జాన్ టవర్, వ్యోమగామి మాన్లీ కార్టర్ ఉన్నారు. కారణం ప్రొపెల్లర్ కంట్రోల్ యూనిట్‌లో పళ్ళున్న ఒక చిన్న భాగం. దాని జత భాగం ఉపరితలం దానికన్నా గట్టిది కావడంతో పళ్ళు అరిగిపోయి, రెక్కల కోణం పైలట్ చేతిలోంచి జారిపోయింది. అందుకే కొన్ని ఆదేశాలు "చూడు" అని ఆగవు, "మార్చు" అంటాయి. కొన్నిటిలో ఇన్ని గంటలకోసారి చూస్తూ ఉండు, కొత్త డిజైన్ భాగం వేశాక చూడటం మానేయొచ్చు అని వీలిస్తారు. నా సలహా అడిగితే, డబ్బు కుదిరితే మొదటిసారే మార్చేయడం. మళ్ళీ మళ్ళీ విప్పడం, బిగించడం, ప్రతిసారీ బోల్టుల బిగింపు (టార్క్) సరిగ్గా పడిందా లేదా అన్న చింత, ఇవన్నీ కూడా రిస్కే కదా.

ఇంకో విషయం జనం తప్పుగా అర్థం చేసుకునేది, క్యాలెండర్. ఓవర్‌హాల్ గడువు చాలా ప్రొపెల్లర్లకి 2,000 గంటల చుట్టుపక్కలా, లేదా ఐదారేళ్ళు, ఏది ముందైతే అది అని తయారీదారు చెబుతాడు. "నేను ఏడాదికి 40 గంటలే తిప్పాను, అప్పుడే ఓవర్‌హాల్ ఏంటి?" అంటారు. తక్కువ తిరిగినదే ఎక్కువ అనుమానించాల్సింది. హ్యాంగర్లో కదలకుండా ఉన్న హబ్‌లో పాత గ్రీజు పక్కకి చేరి, తేమ ఒకచోట నిలిచి, అల్యూమినియం మీద తెల్లటి పొడి మొదలవుతుంది. అది బయటికి కనిపించదు. ప్రొపెల్లర్లు తయారుచేసే మెకాలే కంపెనీ వాళ్ళు కొన్ని హబ్‌లలో ఎర్ర రంగు కలిపిన నూనె నింపుతారు, పగులు వస్తే ఎర్రగా బయటికి కారుతుంది. తెలివైన ఏర్పాటు, కాకపోతే ఎగరబోయే ముందు చుట్టూ తిరిగి చూసే పైలట్‌కి ఎరుపంటే అర్థమేంటో తెలిసుండాలి.

పాత విమానం కొనే ఆలోచన ఉన్నవాళ్ళు విమానం లాగ్‌బుక్‌తో సరిపెట్టుకోవద్దు, ప్రొపెల్లర్‌కి విడిగా లాగ్ అడగండి. హబ్ మీద, రెక్కల మీద ఉన్న సీరియల్ నంబర్లు మీరే స్వయంగా చూసి లాగ్‌తో సరిపోల్చండి, మధ్యలో ఎవరో రెక్క మార్చి ఉంటారు, కాగితం పాత రెక్కదే ఉంటుంది. ఆ మోడల్‌కి ఉన్న ఏడీల జాబితా నియంత్రణ సంస్థ సైట్లోనే ఉచితంగా దొరుకుతుంది. ఒక్కొక్క దానికి ఎప్పుడు, ఎన్ని గంటల దగ్గర, ఏ పద్ధతిలో చేశారో రాసి ఉందా చూడండి. "ఏడీలన్నీ పూర్తి" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టిన లాగ్ దొరికితే, ఆ ప్రొపెల్లర్‌ని ఓవర్‌హాల్ కానిదిగానే లెక్కేసి ధర తగ్గించమనండి. ఎక్కడైనా "నేలకి తగిలింది" అన్న మాట కనిపిస్తే ఇంజిన్ కాగితాలు కూడా తెప్పించుకోండి, ఎందుకంటే లైకమింగ్ ఇంజిన్లలో ప్రొపెల్లర్ దేనికైనా తగిలితే క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) వెనక గేర్ బోల్టుని విప్పి చూడాలని విడిగా ఏడీ ఉంది, అమ్మేవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది అదే.