ఎండలోకి అడుగు పెట్టలేదు, అయినా వడదెబ్బే

నేను పుట్టింది రెంటచింతల పక్క ఊళ్ళో. ఏప్రిల్ ఎండలో కల్లంలో మిరపకాయల తాలు ఏరినదాన్ని, పెరంబూరులో నీడపట్టున కూర్చుని వడదెబ్బ తిన్నానంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. వడదెబ్బ అన్న మాటలోనే వడగాలి ఉంది కదా, మనం దానికే భయపడతాం. మద్రాసులో నన్ను పడేసింది ఉక్కపోత.

మే నెల, కర్తరి రోజులు, ఇక్కడివాళ్ళు అగ్ని నక్షత్రం అంటారు. మాది పై అంతస్తు, మిద్దె వేడంతా గదిలోకే దిగుతుంది. పెళ్ళివారి జాకెట్లు పదకొండు ఇవ్వాలి. పొద్దున ఏడింటికి మిషను ముందు కూర్చున్నాను, పక్కనే ఇస్త్రీ పెట్టె, పక్కింట్లో గోడలు కూలుస్తున్నారని కిటికీలు మూసేశాం. రోజూ మధ్యాహ్నం వచ్చే సముద్రపు గాలి ఆ రోజు రాలేదు. లేస్తే పని ఆగుతుందని నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు. పట్టు మీద చెమట బొట్లు పడకుండా మెడకి తువ్వాలు చుట్టుకుని కుట్టాను. సాయంత్రానికి పిక్కలు పట్టేశాయి, తలనొప్పి, వాంతులు.

వీధి చివర క్లినిక్‌లో డాక్టరు కనీసం థర్మామీటర్ పెట్టలేదు. "ఎండలో తిరగలేదుగా, గ్యాస్ అయ్యుంటుంది" అని ఇంజెక్షన్ చేశాడు. బీపీకి నేను వేసుకునేది ఒంట్లో నీరు తీసేసే మాత్ర అని మా ఆయన చెప్పబోతే వినలేదు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది కొంతే, మిగతాది మా అమ్మాయి చెప్పింది. బీరువా ముందు నిలబడి "లోపల ఎవరో స్నానం చేస్తున్నారు, తలుపు తీయమనండి" అని ఏడ్చానట. అమ్మాయిని పట్టుకుని "అమ్మా" అని పిలిచానట. ఒళ్ళు పెనంలా కాలిపోతోందట. మా అత్తయ్య కంగారుపడి ఉప్పు వేసిన మజ్జిగ నోట్లో పోయబోతే, కింది వాటా తమిళావిడ పరుగున వచ్చి గ్లాసు లాగేసింది. తెలివి సరిగ్గా లేని మనిషికి ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వాళ్ళాయన అంబత్తూరులో ఫౌండ్రీ పనిలో ఇలాగే పడిపోయాడట, అందుకే ఆవిడకి తెలుసు. తన నూలు చీర బకెట్లో ముంచి నా ఒంటి మీద పరిచి, 108 బండి వచ్చేదాకా అట్టముక్కతో విసురుతూనే ఉంది, చీర వేడెక్కితే మళ్ళీ ముంచుతూ. ఆ చేతులకి నేను రోజూ దండం పెట్టుకుంటాను.

ఆస్పత్రిలో చూస్తే 105 డిగ్రీలు. చంకల్లో, గజ్జల్లో ఐసు సంచులు, సెలైన్లు, కిడ్నీ పరీక్షలు, నాలుగు రోజులు. అక్కడ రాత్రి డ్యూటీ డాక్టరమ్మ, మా అమ్మాయి వయసే ఉంటుంది, మంచం పక్కన నిలబడి చెప్పింది: "చెమట కారితే ఒళ్ళు చల్లబడదమ్మా, ఆరితే చల్లబడుతుంది." ఇక్కడి గాలే తడిగా ఉంటే చెమట ఎలా ఆరుతుంది? ఈ వేడికి జ్వరం మాత్ర కూడా పనిచేయదట.

డిశ్చార్జి కాగితాలు తీసుకెళ్ళి క్లినిక్‌ డాక్టరుకి చూపించాను. చదివి, "ఇంట్లో ఏసీ లేదా?" అన్నాడు. అంతే.

మీ ఇళ్ళలో కుట్టేవాళ్ళు, వండేవాళ్ళు, మూల గదిలో పడుకునే పెద్దవాళ్ళు ఉంటే దయచేసి చూసుకోండి. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్ళు చాలట్లేదని అర్థం. బీపీ మాత్రల సంగతి ఎండాకాలం ముందే డాక్టరుని అడగండి, సొంతంగా ఆపొద్దు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి, గ్లాసుకి చెంచా చొప్పున కాదు. మాట తడబడినా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా ఇంకేం ఆలోచించకండి, ఒళ్ళు తడుపుతూనే 108కి ఫోన్ చేయండి.

తమిళవాళ్ళ ఆడి నెలలో మారియమ్మ గుడిలో కింది వాటా ఆవిడతో కలిసి అంబలి పోశాను. ఆ నూలు చీర ఉతికి, గంజి పెట్టి ఇస్త్రీ చేసి తీసుకెళ్తే ఆవిడ తీసుకోలేదు, పై అంతస్తులో నీ దగ్గరే ఉండనీ అంది. మిషను పక్కన మేకుకి తగిలించాను, కింద బకెట్ ఉంది.