కళింగలో లేని కళింగ శాసనం

అశోకుడు అనగానే మనవాళ్ళకి మొదట గుర్తొచ్చేది "రోడ్డుకు ఇరువైపులా చెట్లు నాటించెను". సోషల్ టీచరుగా ఆ వాక్యం దిద్దకుండా నాకు ఒక్క ఏడాదీ గడవలేదు. ప్రశ్న అక్బరు మీద అడిగినా చెట్లు నాటించేసి వచ్చే పిల్లలున్నారు. ఆ మాట అబద్ధమేం కాదు. రెండో శిలాశాసనంలో చెట్లూ ఉన్నాయి, బావులూ ఉన్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, మూలికలు దొరకని చోట్లకి తెప్పించి నాటించాననీ రాజే చెప్పుకున్నాడు. ఆ రాత చెక్కిన బండ మాకు పొరుగునే ఉంది. మా పిల్లల్లో చాలామంది దాని పక్కనుంచే బస్సులో వెళ్తుంటారు, దిగి చూసినవాళ్ళు తక్కువ.

గుత్తి నుంచి పత్తికొండ రోడ్డులో వెళ్తే ఎర్రగుడి వస్తుంది. పక్కనే జొన్నగిరి. తొలకరి వానలు పడ్డాయంటే ఎక్కడెక్కడి జనమో వచ్చి ఆ చుట్టుపక్కల చేలల్లో తలవంచుకుని వజ్రాలు వెతుకుతుంటారు. మౌర్యుల కాలంలో దక్షిణాన రాజకుమారుడు ఉండి పాలించిన సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఎర్రగుడి శాసనాలు 1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డాయి. రాళ్ళ కోసం వచ్చినాయనకి రాత దొరికింది.

ఇక్కడి ప్రత్యేకత ఏమిటంటే, పధ్నాలుగు పెద్ద శాసనాలతో పాటు చిన్న శాసనం కూడా ఉంది. ఆ చిన్నదాన్ని చెక్కిన పద్ధతి మరీ విచిత్రం. బ్రాహ్మీ లిపి ఎడమ నుంచి కుడికి నడవాలి కదా. ఇక్కడ కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకి వెనక్కి వస్తాయి, మడి దున్నుతూ గట్టు దగ్గర ఎద్దుల్ని తిప్పినట్టు. చెక్కినాయన ఎందుకలా చేశాడో గానీ, బండ ముందు నిలబడి ఒక్కో అక్షరం మీద చూపు నడిపిస్తే రెండో పంక్తికే తల తిరుగుతుంది. అశోకుడనే పేరు ఇందులో ఎక్కడా కనిపించదు, అంతా దేవానాంప్రియుడే, అంటే దేవతలకి ఇష్టుడైనవాడు అన్న ఆయన బిరుదే. పేరు పెట్టి రాసిన మస్కి శాసనం మనకి దగ్గర్లోనే, రాయచూరు జిల్లాలో 1915లో దొరికింది. ఇక ఎర్రగుడి చిన్న శాసనంలో ఏముందంటే, ఏనుగులెక్కేవాళ్ళకీ, కరణాలకీ, బ్రాహ్మణులకీ చెప్పండి, తల్లిదండ్రుల మాట వినమనండి, నిజం చెప్పమనండి అని అధికారులకి ఆజ్ఞ. శిష్యులు గురువును గౌరవించాలని కూడా ఉంది. క్లాసులో ఈ ముక్క మాత్రం నేను కాస్త గట్టిగా చదువుతాను.

అసలు విషయం పదమూడో శాసనం. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకి, అంటే సుమారు క్రీ.పూ. 261లో, కళింగ మీద యుద్ధం. లక్షన్నర మందిని అక్కణ్ణుంచి తరలించారు, లక్షమంది హతమయ్యారు, అంతకు ఎన్నోరెట్ల మంది చచ్చిపోయారు. ఈ లెక్క శత్రువు రాసింది కాదు, గెలిచిన రాజు తనే చెక్కించాడు. అందుకు బాధపడుతున్నానన్నాడు. అందులో నూరో వంతు, వెయ్యో వంతు మందికి ఇప్పుడు అలా జరిగినా తనకి భారంగానే ఉంటుందన్నాడు. ఇదే శాసనంలో తన ఏలుబడిలో ఉన్న జనాల వరసలో ఆంధ్రుల పేరు కూడా వస్తుంది. అక్కడికి రాగానే పిల్లలు చప్పట్లు కొడతారు. కొట్టనీ.

ఈ పాఠం చెబుతుంటే ఒకసారి వెనక బెంచీ పిల్లోడు లేచాడు. "సారీ చెప్పినాడు సరే సార్, మరి పట్టుకపోయిన లక్షన్నర మందిని మళ్ళీ ఊర్లకి పంపించినాడా?"

గైడులో లేని ప్రశ్న. మనకి దొరికిన ఏ శాసనంలోనూ వాళ్ళని వెనక్కి పంపినట్టు ఒక్క ముక్క లేదు. గెలిచిన రాజ్యాన్ని తిరిగి ఇచ్చినట్టూ లేదు. పైగా అదే శాసనంలో అడవి జనాలకి ఒక హెచ్చరిక: దేవానాంప్రియుడు పశ్చాత్తాపపడుతున్నాడు నిజమే, కానీ ఆయనకి బలం కూడా ఉంది, బుద్ధిగా ఉంటే చంపడు. పరీక్ష పేపర్లో కళింగ యుద్ధానికి వేసే మార్కుల్లో ఈ వాక్యానికి చోటుండదు.

మా అమ్మాయి భువనేశ్వర్‌లో చదువుతున్నప్పుడు ధౌళి వెళ్ళాను. ఊరికి దక్షిణాన దయానది ఒడ్డు. కొండమీద తెల్లటి శాంతిస్తూపం ఉంది, బస్సులన్నీ నేరుగా అక్కడికే పోతాయి. శాసనం మాత్రం కిందే, రోడ్డు పక్కన. బండ పైన ఏనుగు ముందు సగాన్ని మాత్రం చెక్కారు, రాతిలోంచి నడిచొస్తున్నట్టు తొండం, ముందుకాళ్ళు. కళింగ యుద్ధం గురించి బాధపడ్డ రాజు రాత కళింగలోనే ఉండాలి కదా? పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు ఇక్కడ లేవు. కళింగలోనే ఇంకో చోటు జౌగడలోనూ లేవు, అది గంజాం జిల్లాలో, మన బరంపురానికి దగ్గర. యుద్ధం గురించి చెప్పిన ఆ పదమూడోది ఎర్రగుడిలో ఉంది, గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉంది, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీలో ఖరోష్ఠీ లిపిలో ఉంది. ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్‌లో దాని మొదటి భాగం గ్రీకు భాషలో కూడా దొరికింది. కళింగ చావుల లెక్క గ్రీకువాళ్ళకి చెప్పారు, కళింగవాళ్ళకి చెప్పలేదు.

పుండు మీద కారం చల్లకూడదని ఆపేశాడని కొందరంటారు. నాకు మాత్రం అది పక్కా పరిపాలనా లెక్కలా అనిపిస్తుంది. కొత్తగా గెలిచిన నేల, ఇంటికో చావు, ఆ జనం ముందు "లక్షమందిని చంపాం" అని చెక్కిస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. దూరంగా ఉన్నవాళ్ళకి చెబితే మంచిపేరు. ఇక్కడ చెబితే టెన్షన్.

అయితే ఆ ఖాళీలో ఆయన పెట్టించినవి చదివాక అంత తేలిగ్గా తిట్టబుద్ధి కాలేదు. రెండు ప్రత్యేక శాసనాలు, అప్పటి కళింగ పాలనా కేంద్రం తోసలిలోని అధికారులకి. "మనుషులందరూ నా బిడ్డలు" అన్న పేరున్న మాట వీటిలోదే. దాని కింద ఉన్నది ఇంకా గట్టిది. కారణం లేకుండా ఎవరో ఒకరిని జైల్లో వేస్తున్నారు, హింసిస్తున్నారు, అలా జరగడానికి వీల్లేదు అంటాడు. న్యాయం చెప్పేవాడిని చెడగొట్టేవి ఏమిటో కూడా వరసపెట్టాడు: అసూయ, ముక్కుమీద కోపం, కాఠిన్యం, తొందరపాటు, అలవాటు లేకపోవడం, సోమరితనం, అలసట. అలసట అన్నాడు చూడండి! ఫైళ్ళ మధ్య కూర్చున్న మనిషిని దగ్గర్నుంచి చూసినవాడికే ఆ మాట వస్తుంది. అధికారుల్ని నమ్మి వదిలేయలేదు కూడా. తిష్య, అంటే పుష్యమి నక్షత్రం రోజుల్లో ఈ శాసనం జనానికి చదివి వినిపించాలి, వినడానికి ఒక్కడే ఉన్నా చదవచ్చు. అయిదేళ్ళకొకసారి కఠినుడు కాని ఒక పెద్ద అధికారిని తనిఖీకి పంపుతానన్నాడు. ఉజ్జయినిలో ఉన్న రాజకుమారుడు మూడేళ్ళు దాటకుండా పంపాలి, తక్షశిల నుంచి కూడా అంతే.

క్షమాపణ చెప్పకపోయినా, తన ఉద్యోగి తప్పు చేస్తాడని ఓడినవాళ్ళ ముందే ఒప్పుకున్న రాజు. ఈ రెండింట్లో కళింగ రైతుకి ఏది పనికొచ్చిందంటే, రెండోదే అంటాను నేను. ఆ పిల్లోడికి ఇదే చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. "అయినా పంపించలేదు కదా సార్" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఎర్రగుడి వెళ్ళాలనుకునేవాళ్ళు ఎండ ఎక్కకముందే వెళ్ళండి. పొద్దుటి ఏటవాలు వెలుగులో అక్షరాల గాట్లు తేలి కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం బండంతా ఒకటే రంగు. శాసనాలన్నీ ఒక్క రాతి మీద లేవు, చుట్టూ తిరిగి వెతుక్కోవాలి. నీళ్ళ బాటిల్ మర్చిపోకండి, అశోకుడు తవ్వించిన బావులేవీ అక్కడ లేవు.