ఐపీ వేద్దామన్న మా బావ, ఆ రాత్రి రాసిన లెక్క

మా వైపు 'ఐపీ పెట్టాడు' అనేది తిట్టు కింద లెక్క. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అప్పులు తీర్చలేనని కోర్టులో వేసుకునే దివాలా పిటిషన్. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట ఎక్కడైనా సరే, రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసి వెళ్లిపోయినవాణ్ణి కూడా ఐపీ పెట్టాడనే అంటారు, వాడు కోర్టు గడప తొక్కి కూడా ఉండడు. అందుకే నిరుడు మా బావ ఫోన్ చేసి "ఇంక నావల్ల కాదురా, ఐపీ వేసేస్తా" అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. వెనక మా అక్క గొంతు వినబడుతోంది. వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు, వెయ్యమని చెప్పే ధైర్యమూ లేదు. అసలు ఐపీ వేస్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలియదు.

బావవి రొయ్యల గుంటలు. వరసగా రెండు పంటలకు వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చింది. రెండోసారి యాభై రోజులకే, చచ్చినవి చావగా మిగిలినవాటిని పట్టేసి, వచ్చిన రేటుకు ఇచ్చేశాడు. ఆ రాత్రి నెల్లూరు నుంచి వెళ్లి వాళ్లింట్లో కూర్చున్నాను. మేత కంపెనీ క్యాలెండర్ వెనక్కి తిప్పి, ఎవరికెంత ఇవ్వాలో చెప్పు బావా, నేను రాస్తానన్నాను. బ్యాంకులో పొలం తాకట్టు 9 లక్షలు. మేత షాపులో అరువు 7 లక్షలు, దానికి సంతకం పెట్టిచ్చిన ఖాళీ చెక్కులు రెండు. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోట్లు రాసి తెచ్చినవి 11 లక్షలు. అక్క నగల మీద గోల్డ్ లోన్ 3 లక్షలు. పాడేసిన చీటీకి ఇంకా కట్టాల్సింది లక్ష. మొత్తం 31 లక్షలు. ఆ అంకె రాశాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అన్ని నెలలుగా అప్పుల్లో ఉన్నాడుగానీ, మొత్తం ఎంతో ఎప్పుడూ ఒకచోట కూడలేదు.

ఆ క్యాలెండర్ చుట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లాం. అక్కడ అర్థమైంది చెబుతాను, ఎందుకంటే మా చుట్టుపక్కల ఈ మాట అంటున్న ఇళ్లు చాలా ఉన్నాయి, రొయ్యలు కావచ్చు, ఒంగోలు వైపు పొగాకు కావచ్చు.

మామూలు మనిషి దివాలాకు మన దగ్గర ఇప్పటికీ నడుస్తున్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది. అందులో బాగా చిన్న అప్పులవాళ్లకు, అంటే 35 వేల లోపు అప్పు, ఏడాదికి 60 వేల లోపు ఆదాయం ఉండి, సొంత ఇల్లు లేనివాళ్లకు మాఫీ దారి కూడా రాశారు. కానీ వ్యక్తులకు సంబంధించిన భాగంలో, కంపెనీల అప్పుకు హామీ ఇచ్చినవాళ్ల వరకే 2019 డిసెంబర్ నుంచి అమల్లోకి తెచ్చారు. మనలాంటి వాళ్లకు పాత చట్టమే. ఎంత పాతదంటే, 500 రూపాయల అప్పు ఉంటే చాలు, తీర్చలేనని పిటిషన్ వేసుకోవచ్చని అందులో ఉంటుంది.

వేయగానే వడ్డీవాళ్లు ఆగిపోతారని బావ అనుకున్నాడు. ఆగరు. కోర్టు విచారించి, ఇతను దివాలాదారుడే అని ఆర్డర్ ఇచ్చాకే, అప్పిచ్చినవాళ్లు కోర్టు అనుమతి లేకుండా మన మీద దావాలు వేయకూడదు. ఆ ఆర్డర్‌తోనే మన ఆస్తి కూడా కోర్టు చేతికి లేదా కోర్టు పెట్టిన రిసీవర్ చేతికి పోతుంది. కట్టుబట్టలు, వంటసామాన్లు, పనిముట్లు, అక్క మెడలో తాళి లాంటివి మాత్రం ముట్టుకోరు. పిటిషన్‌లో అప్పిచ్చినవాళ్లందరి పేర్లూ రాయాలి, అందరికీ నోటీసులు పోతాయి.

తర్వాత వకీలు మా క్యాలెండర్ తీసుకుని ఒక్కో అంకె పక్కన పెన్సిల్‌తో గీత పెడుతూ పోయాడు. బ్యాంకుకు పొలం తాకట్టు ఉంది, ఐపీ వేసినా బ్యాంకు ఆ పొలాన్ని వదలదు. గోల్డ్ లోన్ కూడా అంతే, నగలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. మేత షాపు అప్పు ఐపీలో చేర్చవచ్చు, కానీ చెక్కు బౌన్స్ కేసు క్రిమినల్ కేసు, దివాలా దాన్ని ఆపదు, రెండేళ్ల దాకా జైలు గానీ, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా గానీ పడొచ్చు. నిజంగా ఐపీ పనికొచ్చేది 11 లక్షల నోట్లకూ, చీటీ బాకీకీ. అక్కడికొచ్చి ఆయన అడిగాడు, ఈ నోట్ల మీద జామీను ఎవరు? రెండు నోట్లకు నేనే. మా అక్క అడిగితే చదవకుండా సంతకం పెట్టాను. బావకు కోర్టు విముక్తి ఇచ్చినా జామీనుదారుడికి ఇవ్వదు, ఆ రెండు నోట్లూ నా మీదికొస్తాయి. బావ తల వంచుకున్నాడు. ఈ సంగతి తెలిసి ఉంటే ఐపీ మాట ఎత్తేవాణ్ణే కాదని దారిలో అన్నాడు.

ఇంకో రెండు విషయాలు ఉన్నాయి, జనం ఎక్కువగా దెబ్బతినేది వీటిలోనే. ఊళ్లో ఒక పెద్దాయన బావకు, ముందు ఇల్లు మీ ఆవిడ పేరున గిఫ్ట్ రాసేసి తర్వాత ఐపీ వెయ్యమని సలహా ఇచ్చాడు. అలా రాసిచ్చిన రెండేళ్ల లోపు పిటిషన్ పడితే కోర్టు ఆ గిఫ్ట్‌ను కొట్టేయొచ్చు. పైగా ఆస్తి దాచాడని తేలితే జైలు శిక్ష కూడా ఉంది. రెండోది, బావ తన అన్న దగ్గర తెచ్చిన నోటు ఒక్కటీ ముందు తీర్చేసి మిగతావాళ్లకు ఐపీ వేద్దామనుకున్నాడు. ఒకరికి మేలు చెయ్యాలని పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో తీర్చిన అప్పును కూడా కోర్టు తిరగదోడుతుంది.

అన్నీ దాటి దివాలా ఆర్డర్ వచ్చినా పని అయిపోయినట్టు కాదు. కోర్టు పెట్టిన గడువులోపు విముక్తి కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, చేసుకోకపోతే ఆ ఆర్డరే రద్దవుతుంది. ఆస్తి మొత్తం అమ్మినా రూపాయికి యాభై పైసలు రాకపోతే, అది తన చేతిలో లేని కారణంతో జరిగిందని చూపించుకోవాలి. లెక్కలు సరిగా రాయలేదన్నా విముక్తికి అడ్డే. బావ దగ్గర సీడ్ కొన్న రసీదులు, ల్యాబ్ టెస్ట్ కాగితాలు, మేత బిల్లులు ఒక పాత సంచిలో ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటి సంచి ఉంటే చెదలు పట్టనివ్వకండి.

ఇదంతా విన్నాక కూడా ఐపీ చెడ్డదని నేను అనను. తాకట్టు అప్పులు లేకుండా అంతా నోట్ల మీదే ఉండి, చెక్కులు ఇవ్వకుండా, అయినవాళ్ల జామీను లేకుండా, ఆస్తి లేక, కోర్టులో డిక్రీలు అయిపోయి, వాటిని అమలు చేయమని ఈపీలు (ఎగ్జిక్యూషన్ పిటిషన్లు) వేసి అరెస్టు అడుగుతున్నారంటే అది వాడుకోవాల్సిన హక్కు, సిగ్గుపడాల్సిన పని కాదు. అప్పు తీర్చే స్తోమత నిజంగా లేనివాణ్ణి అప్పు కోసమే జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఆ భయంతో పురుగుల మందు డబ్బా వైపు చూసేవాళ్లకు ఈ ఒక్క మాటైనా ముందు తెలియాలి. వకీలు ఫీజుకు డబ్బులు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి అడగండి.

మేం ఐపీ వేయలేదు. బావ రోడ్డు పక్కనున్న ఇళ్ల స్థలం అమ్మి, ముందు మేత షాపు లెక్క తెంచి చెక్కులు వెనక్కి తెచ్చుకున్నాడు. బ్యాంకు వాళ్లతో లోక్ అదాలత్‌లో కూర్చుని వాయిదాలకు ఒప్పుకున్నాడు. నోట్లవాళ్లలో నలుగురు వడ్డీ తగ్గించారు, ఒకాయన తగ్గించలేదు, ఆయన దావా వేశాడు, నడుస్తోంది. గుంటలు లీజుకిచ్చి బావ ఇప్పుడు వేరేవాళ్ల చెరువుల మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నాడు. నేను జామీను ఉన్న రెండు నోట్లలో ఒకటి సంక్రాంతికి తీరింది. నోటు వెనక 'పూర్తిగా ముట్టినది' అని అప్పిచ్చినాయన చేత రాయించి, సంతకం పెట్టించి, బావ నాకు ఫొటో పంపాడు. రెండో దానికి ఇంకా లక్షా నలభై వేలు ఉంది.